బిస్సావమ్మకు రెండు కిలోల జీడిపప్పు

ఆఫ్రికాకు పడమటి కొసన, అట్లాంటిక్ ఒడ్డున, గినీ-బిస్సావు అని ఒక చిన్న దేశం ఉంది. పేరు చెప్తే పదిమందిలో తొమ్మిదిమంది ‘ఏమిటీ?’ అని రెండోసారి అడుగుతారు. పదోవాడు అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోతాడు. ఆ దేశ ప్రయాణం గురించి రాస్తున్నాను గాని, అక్కడికి నేనింకా వెళ్ళలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి తిట్టుకోవద్దు. బిస్సావుకని బయల్దేరి ఇప్పటికి నేను వెళ్ళొచ్చింది ఒడిశాలో వంశధార ఒడ్డున ఉన్న గుడారి దాకా. అయినా సరే, ఇంత గొప్ప ప్రయాణం నేనింతవరకు చెయ్యలేదు.

కొరాపుట్

కొరాపుట్‌కు దగ్గర్లో, ఒడిశాలోనే, ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో మా కాపురం. నా పని కొలవడం. పొద్దున గేటు దగ్గర మిషను మీద బొటనవేలు పెడితే పచ్చ దీపం వెలుగుతుంది, లోపలికి పోయి సాయంత్రం దాకా ఇనప ముక్కలు కొలుస్తాను. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా పట్టుకుంటాను. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసిందని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు.

బిస్సావు పిచ్చి నాది కాదు, మా గౌరమ్మ పిన్నిది. పిన్ని మా అమ్మకు చెల్లెలు. మా నాన్న పలాసలో రైల్వే సిగ్నళ్ళు చూసే రోజుల్లో పిన్ని మా ఇంట్లోనే ఉండి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. పిక్క అంటే పెంకుతో ఉన్న జీడిగింజ. దాన్ని కాల్చి, సుత్తితో పెంకు పగలగొట్టి, లోపలి పప్పు ముక్క కాకుండా తియ్యాలి. పెంకులో కారే జీడి నూనె పడితే చర్మం మాడి నల్లగా పొరలు లేస్తుంది. గుడారికి కోడలుగా వెళ్ళాక కూడా పిన్ని ఆ పని మానలేదు. సొంత తోట పిక్కలు కొన్ని, గునుపురంలో వ్యాపారి దింపే గోనెల్లోవి కొన్ని, ముప్ఫయ్యేళ్ళుగా కొడుతూనే ఉంది.

ఓ వేసవి సెలవుల్లో గుడారి వెళ్తే, ఒక గోనె మీది ఇంగ్లీషు అక్షరాలు చూపించి “ఏటి రాసుందే అమ్మి?” అని అడిగింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. గినీ-బిస్సావు అని కూడబలుక్కుని చదివాను. అది ఆఫ్రికాలో దేశమని, అక్కడా జీడితోటలున్నాయని, పిక్కలేరేది ఎక్కువగా ఆడవాళ్ళేనని తరవాత మా టీచరు చెప్తే పిన్నికి చెప్పాను. ఆ రోజు నుంచి ఆ ఏరే మనిషికి పిన్ని బిస్సావమ్మ అని పేరు పెట్టేసింది. పిక్కలు తడిగా వస్తే “ఈ పాలి బిస్సావమ్మ ఎండబెట్టకుండా అంపేసింది” అని సణిగేది. రాళ్ళు తగిల్తే తిట్టేది. మంచివొస్తే “బాగా ఏరిందమ్మా, సల్లగుండాల” అనేది. కిందటేడు బాబాయి సంవత్సరీకాలయ్యాక ఒకరోజు ఫోన్లో, “అమ్మీ, బిస్సావమ్మనొకసారి సూడాలి. తీసుకెల్తావేటి?” అంది. పిన్ని నన్నేదైనా అడగడం అదే మొదలు.

ఇంక నా కొలతల పిచ్చికి పని దొరికింది. గోడ మీద ఆఫ్రికా మ్యాపు అంటించాను. మూడు విమానాలు మారాలి. ఎల్లో ఫీవరు టీకా వేయించుకోవాలి. అక్కడ పిక్కలు రాలేది మన తోటల్లో రాలే రోజుల్లోనే, వానలొచ్చే లోపల, అంటే మే నెలలో వెళ్ళాలి. ఆ దేశం వాళ్ళు జీడిపండు రసం పిండి పులియబెట్టి తాగుతారనీ, పిక్కలిచ్చి బియ్యం మార్చుకుంటారనీ చదివాను. జీడిని వాళ్ళు కూడా కాజూ అనే అంటారట. ఫోన్లో చెప్తే పిన్ని “మరైతే మాటలకి ఇబ్బందేటుంది?” అని తేల్చేసింది.

మిగిలింది పిన్ని పాస్‌పోర్టు. దానికి కొరాపుట్ ఆఫీసు కౌంటరులో పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. అక్కడ చిక్కొచ్చి పడింది. రేషను డిపోలో పిన్ని వేలి బదులు కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది, ఎందుకంటే ఆవిడ వేళ్ళ మీద గీతలు లేవు, జీడి నూనె తినేసింది. నేను తల పట్టుకుంటే పిన్నే ధైర్యం చెప్పింది. “పెద్దోడి పురిట్లో నెల్లాళ్ళు పిక్క ముట్టనేదు. అప్పుడు గీతలొచ్చేయి. మూడు వారాలు సేతులు కట్టుకు కూకుంటే మళ్ళీ వస్తాయి.” సరే, మూడు వారాల తరవాతి తేదీకి కౌంటరులో టైము తీసుకున్నాను. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు, డిసెంబరు మంచులో, పిన్నిని తీసుకురావడానికి రైలెక్కాను.

కాకిరిగుమ్మ మీదుగా

కొరాపుట్ నుంచి రాయగడ రైలు గురించి ఎవరైనా పుస్తకం రాయాలి. సొరంగంలోకి దూరుతుంది, బయటికొచ్చేసరికి లోయ, వంతెన, మళ్ళీ సొరంగం. కళ్ళు మూసి తెరిచేలోపు కొండ అటు నుంచి ఇటు మారిపోతుంది. కాకిరిగుమ్మలో ఉడకబెట్టిన చిలగడదుంపలు, పక్కన ఉప్పు కారం పొట్లం కట్టి పది రూపాయలకు ఇచ్చింది ఆ కొండల్లో ఉండే ఒక దేశియా అవ్వ. వేడికి అరచేతులు మార్చుకుంటూ తిన్నాను.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన పట్టాల మీద పనిచేసి రిటైరయినవాడు, సొంతూరు పార్వతీపురం దగ్గర. ఈ లైనులో ప్రతి సొరంగం లోపల నీరెక్కడ కారుతుందో ఆయనకు తెలుసు. నా ప్రయాణం సంగతి విని అడిగాడు.

“అక్కడ రైలుందేటమ్మా?”

లేదన్నాను.

“రైల్లేని దేశం ఎల్తన్నావా?” అని నా వైపు జాలిగా చూసి, తన డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి చేతిలో పెట్టాడు. “దారిలో తిను. ఆ ఊళ్ళో ఏం దొరుకుతాదో.” అవి రాయగడ రాకముందే అయిపోయాయి.

బిస్సమ్ కటక్ సంత

రాయగడలో రాత్రి ఆగి, తెల్లారి గుగునీతో, అదే బఠాణీ కూరతో, వడ తిని, బిస్సమ్ కటక్ వెళ్ళాను. గుడారికి తిన్నగా బస్సుండగా ఈ చుట్టుతిరుగుడు దేనికంటే, అక్కడి సంతలో కొండ పసుపు కొనుక్కురమ్మని పిన్ని హుకుం. బిస్సావమ్మకు పసుపు పెట్టాలట. ఆమె బొట్టు పెట్టుకుంటుందో లేదో అని నసిగితే “పెట్టుకోపోతే కూరలో ఏసుకుంటాది” అంది.

ఆ సంతను చూసి నోరు వెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళుగా ఈ పక్కనే ఉండి ఎప్పుడూ రాలేదు. కొండల మీది నుంచి డొంగ్రియా తెగ ఆడవాళ్ళు తలనిండా క్లిప్పులు పెట్టుకుని, వీపున బుట్టలతో దిగుతున్నారు. పసుపు, అల్లం, అనాసపళ్ళు, ఆకు దొన్నెల కట్టలు. మా వైపు రైతుబజారులో ఉండే అరుపులు ఇక్కడ లేవు. ముందు కూర్చుని, ఊపిరి తీసుకుని, పక్కదానితో నాలుగు మాటలాడి అప్పుడు బుట్ట విప్పుతారు. కొనేవాడికి తొందరైతే వాడి ఖర్మ.

పసుపు కొమ్ములు పోసుకున్న ఒక ముసలామె దగ్గర కూర్చున్నాను. మా ఇద్దరికీ సగం ఒడియా, సగం చేతులూపడం. నేను డబ్బు తీస్తే ఆమె వద్దని నా సంచిలోకి చూపించింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన ఉప్పు చేప పొట్లం వాసన పట్టేసింది. అదిచ్చాను. ఆమె రెండు దోసిళ్ళ పసుపు పోసి, నా మొహం చూసి, ఇంకో గుప్పెడు వేసింది. బిస్సావులో పిక్కలిచ్చి బియ్యం తీసుకుంటారని చదివినప్పుడు అయ్యో, ఇంకా అలాగే ఉన్నారా అనుకున్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ చేప పొట్లం పిన్నికని తెచ్చిందని కూడా బస్సెక్కాకే గుర్తొచ్చింది.

గుడారి

పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతులు చీర కొంగులో చుట్టుకుని ఉంది. నన్ను ముట్టుకోలేదు. నాకప్పుడే అనుమానం రావాలి, రాలేదు.

కోడలు సుజాత చేత అన్నం పెట్టించింది. వంశధార చేపల పులుసు, ఉలవచారు, వాకిట్లో కాసిన వంకాయ. తిని వేళ్ళు నాక్కుంటుంటే లోపల్నుంచి ఒక స్టీలు డబ్బా కొంగుతోనే పట్టుకొచ్చి, మూత నన్ను తియ్యమంది. జీడిపప్పు. ఒక్కటి బద్ద కాలేదు, ఒక్కదానికి గాటు లేదు, అన్నీ ఒకే సైజు. ఇనుము కొలిచేదాన్ని, నాకు పనితనం కనబడితే వెంటనే తెలుస్తుంది. అంత చక్కని పప్పు నేను దుకాణంలో కూడా చూడలేదు.

“బిస్సావమ్మకి. కిలో అయింది, ఇంకో కిలో అవ్వాలి. కిలో ఏటిస్తాం, ఆవిడ ఎదురింటోళ్ళకి పెట్టుకోద్దేటి?”

“ఎవరు కొట్టారు పిన్నీ?”

 సుజాత గుమ్మం దగ్గర నిలబడి నవ్వాపుకుంటోంది. నేను పిన్ని చెయ్యి పట్టి కొంగులోంచి లాగాను. పదివేళ్ళ కొసలూ బొగ్గు పూసినట్టున్నాయి. బొటనవేలి మీద పొర కొత్తగా ఊడి గులాబీ రంగులో మెరుస్తోంది.

ఒళ్ళు మండిపోయింది. ఐదు నెలలుగా చేసిన ఏర్పాట్లు. మూడు రోజుల్లో కౌంటరు. నోటికొచ్చినట్టు తిట్టాను. పిన్ని అంతా విని, తప్పు చేసిన పిల్లలా కాకుండా, లెక్క చెప్పే మేస్త్రీలా జవాబిచ్చింది.

“పదహారు రోజులు సేతులు కట్టుకు కూకున్నానమ్మి. పిక్కలు సుజాతకిచ్చేను. దాన్నేటనను, పాపం కొత్తది, రెండు కొడితే ఒకటి ముక్క. నా కళ్ళ ముందే ముక్కలైపోతన్నాయి. కిందటేటి మంచి పిక్క అదే మిగిలింది. బిస్సావమ్మకి ముక్కపప్పు పట్టుకెల్లమంటావా? ఆవిడ నిండుపిక్క ఏరి అంపింది. నాను ముక్క సేసి ఇచ్చేనంటే నవ్వదేటి?”

 నా కోపం తగ్గలేదు. మర్నాడంతా ఆవిడ చేతులకు ఆముదం రాసి పాత చీర ముక్కలు చుట్టి కూర్చోబెట్టాను, రెండు రోజుల్లో ఏదో అద్భుతం జరుగుతుందన్నట్టు. మిగిలిన ఎనిమిది కిలోల పిక్కలు గోనెలో మూటకట్టి పిన్ని మాతోపాటే బస్సెక్కించింది.

మళ్ళీ కొరాపుట్, కౌంటరు ముందు

కౌంటరులో ఉన్నది ఒక ఒడియా కుర్రాడు, ఓపిక గలవాడు. పిన్నిని మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచి కుర్చీ దగ్గరికి జరిపాడు. నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టించాడు. స్క్రీను మీద నాలుగు బూడిదరంగు మచ్చలు పడ్డాయి, గీత అన్నది లేదు. తడిగుడ్డతో తుడిపించాడు. మళ్ళీ మచ్చలే. పదివేళ్ళలో చిటికెన వేళ్ళు రెండే దొరికాయి, అవీ సగం సగం.

వెనక వరసలో జనం గొణగడం మొదలుపెట్టారు. కుర్రాడు మాత్రం విసుక్కోలేదు. దారి ఉందని నాతో హిందీలో చెప్పాడు. ముద్రలు రానివాళ్ళకు డాక్టరు దగ్గర కాగితం రాయించుకుని వస్తే, వేళ్ళు పనికిరావని నమోదు చేసుకుని పని కానిచ్చేస్తారట. నా ప్రాణం లేచొచ్చింది. ఆ మాట పిన్నికి తెలుగులో చెప్పాను.

పిన్ని కుర్చీలోంచి లేచింది.

“నా సేతులకి పది యేళ్ళున్నాయి. లెవ్వని రాయించుకుంటానా?”

“లేవని కాదు పిన్నీ, ముద్ర పడట్లేదని.”

“అదే మాట. ఈ యేళ్ళతోనే గదా పిల్లల్ని సదివించేను. ఇయి పనికిరావని కాయితం పట్టుకుని బిస్సావమ్మ దగ్గరికెల్తే నా మొకం ఏటవుతాది? నానెల్లను. ఎల్తే పది యేళ్ళతో ఎల్తాను, నేపోతే నేదు.”

కుర్రాడికి తెలుగు రాదు, కాని అర్థమైనట్టుంది. కంప్యూటర్లో వెతికి మూడు వారాల తరవాతి సోమవారానికి ఇంకో టైము ఇచ్చాడు. ఆ రోజూ రాకపోతే దరఖాస్తు మళ్ళీ మొదటినుంచి పెట్టాలి, మే నెల చేతికి రాదు. పిన్ని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి అతనికి అభయమిచ్చింది.

“ఉన్నాయి నాయనా. మూడు వారాల్లో వస్తాయి. ఆ మిసన్ని ఉండమను.”

టౌన్‌షిప్పు, మూడు వారాలు

గుడారి పంపిస్తే పిక్క ముట్టకుండా ఉండదని నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఏ పనీ చెయ్యని పిన్నిని నేనెప్పుడూ చూడలేదు. మొదటి వారం నరకం. మిరపకాయలు తొడిమలు తియ్యనివ్వలేదని అలిగింది. గిన్నె తోమడానికి వెళ్తే మా ఆయన అడ్డం నిలబడ్డాడు. బాల్కనీలో ఎండకు కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి వేరేవాళ్ళవి అన్నట్టు చూసుకునేది.

రెండో వారం గోనె మూట విప్పించింది. “ఇంకో కిలో ఉందిగా. నాను కొట్టకూడదు. నువ్వు కొట్టు.”

సాయంత్రాలు కొళాయి పక్కన పిక్కలు కాల్చుకుని, కూర్చుని కొట్టడం మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో ఇచ్చే రబ్బరు చేతితొడుగులు వేసుకున్నాను. మొదటి ఇరవై పిక్కల్లో పద్ధెనిమిది ముక్కలయ్యాయి. వెంట్రుకలో పదోవంతు కొలిచేదాన్ని, నా పరువు పోయింది.

“గట్టిగా కాదు అమ్మి. పిక్కకి నడుముంటాది. తిప్పి సూడు, ఏలితో ఎతుకు. అదిగో. అక్కడ ఒక్కటే దెబ్బ.”

“తెలియట్లేదు పిన్నీ.”

“ఆ తొడుగులేసుకుంటే ఎలగ తెలుస్తాది?”

చివరి శని, ఆదివారాలు తొడుగులు తీసేశాను. చేతులకు బూడిద, ఆముదం రాసుకుని కూర్చున్నాను. నిజంగానే పిక్కకు నడుముంది. వేలికి తగులుతుంది, కంటికి కనబడదు. ముక్కలు తగ్గాయి. నూనె చురుక్కుమని గోటి కింద దూరింది. పప్పు నిండుగా బయటికొచ్చినప్పుడల్లా పిన్ని “ఊఁ” అనేది, అంతే. ఆ ఊఁ కోసం నేను రెండు రోజులు వొంగిన నడుం ఎత్తలేదు. మూడు పదుల ఏళ్ళపాటు ఈ పని చేసి, ఆ తరవాత నవ్వుతూ అన్నం పెట్టిన మనిషిని నేనెన్నిసార్లు ‘పిన్నికేం తెలుసు’ అనుకున్నానో తలుచుకుంటే కళ్ళు తడయ్యాయి. జీడి పొగ అని చెప్పాను. ఆదివారం సాయంత్రానికి రెండో కిలో నిండింది.

సోమవారం అదే కౌంటరు, అదే కుర్రాడు. పిన్ని నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టింది. స్క్రీను మీద గీతలు పడ్డాయి. సన్నగా, వంకర్లు తిరుగుతూ, దున్నిన మడిలో చాళ్ళలా. తరవాత ఎడమ చెయ్యి. చివరికి బొటనవేళ్ళు. కుడి బొటనవేలు రెండుసార్లు పడలేదు. కుర్రాడు “మావుసీ, నెమ్మదిగా” అని సైగ చేశాడు. మూడోసారి పడింది.

పిన్ని స్క్రీను దగ్గరికి వొంగి చాలాసేపు చూసింది. “ఇయి నాయేనా?”

“నీవే.”

“బాగున్నాయి గదే” అంది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, మే నెల దాకా పిక్క ముట్టనని తనకు తానే చెప్పుకుంది. ఆ సాయంత్రమే గుడారి కోడలికి ఫోను చేసి, పిక్కకు నడుమెక్కడుంటుందో అరగంట చెప్పింది.

మంగళవారం నేను డ్యూటీకి వెళ్ళాను. గేటు దగ్గర మిషను మీద బొటనవేలు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. తుడుచుకుని మళ్ళీ పెట్టాను. ఎర్ర దీపమే. వెనక వరస పెరిగింది. గేటు దగ్గరి గార్డు విజయనగరం వాడు, నన్ను పదేళ్ళుగా ఎరుగును. దగ్గరికొచ్చి నా నల్లటి వేలి కొస చూశాడు.

“ఏటి మేడమ్, ఏలి మీద గీతలు లెవ్వా?”

“ఉన్నాయి. మూడు వారాల్లో వస్తాయి” అని చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళ్ళాను.